1,260 కిలోమీటర్లకు రెండుంబావు గంటలెందుకు?

హైదరాబాద్ నుంచి ఢిల్లీకి విమాన దూరం ఎంతని నెట్‌లో వెతికితే ఒక సైట్ 1,260 అంటుంది. ఇంకోటి 783 అంటుంది, మరోటి 680 అంటుంది. మొదటిది కిలోమీటర్లు, రెండోది మామూలు మైళ్లు, మూడోది నాటికల్ మైళ్లు. అంతవరకు తగాదా లేదు. చిక్కంతా టైమ్ దగ్గర వస్తుంది. ఎయిర్‌బస్ ఏ320 లాంటి విమానం పైకెక్కి కుదురుకున్నాక గంటకు సుమారు 830 కిలోమీటర్ల వేగంతో పోతుంది. ఆ లెక్కన 1,260 కిలోమీటర్లకు గంటన్నర చాలు. దూరాలు లెక్కగట్టే సైట్లు రెండు గంటలు, ఓ నాలుగు నిమిషాలు అటూ ఇటూ చూపిస్తాయి. టికెట్ మీద రెండుంబావు గంటలు ఉంటుంది, కొన్ని ఫ్లైట్లకు ఇంకో పది నిమిషాలు ఎక్కువే. తీరా ఎక్కి కూర్చున్నాక పైలట్ మైకులో గంటా యాభై నిమిషాల్లో చేరతామంటాడు.

ఒకే దారికి ఇన్ని టైములు ఎలా వచ్చాయో తెలియాలంటే ఒక్కో లెక్కలో ఏం కలిపారు, ఏం వదిలేశారు అన్నది చూడాలి. తక్కువ పేచీ ఉన్న దూరంతోనే మొదలుపెడదాం.

దూరం ఎక్కడి నుంచి ఎక్కడికి?

సైట్లు చూపించే దూరం రెండు ఊళ్ల మధ్యది కాదు, రెండు ఎయిర్‌పోర్టుల మధ్యది. ప్రతి ఎయిర్‌పోర్టుకూ అధికారికంగా నమోదైన ఒక అక్షాంశం, ఒక రేఖాంశం ఉంటాయి. శంషాబాద్‌ది 17.24 ఉత్తరం, 78.43 తూర్పు. ఢిల్లీ ఇందిరాగాంధీ ఎయిర్‌పోర్టుది 28.56 ఉత్తరం, 77.10 తూర్పు. ఈ నాలుగు అంకెలు సూత్రంలో పెడితే దూరం వచ్చేస్తుంది. విమానంతో దానికి ఏ సంబంధమూ లేదు. రేపటి నుంచి ఆ రూట్లో ఒక్క ఫ్లైటూ నడవకపోయినా సైట్ 1,260 అనే చెబుతుంది.

2008 మార్చి 23న బేగంపేట నుంచి విమానాలన్నీ శంషాబాద్‌కు మారాయి కదా, ఆ ఒక్క రాత్రిలో హైదరాబాద్ ఢిల్లీకి ఇరవై కిలోమీటర్లకు పైగా దూరమైంది. తిరుపతికి దాదాపు అంతే దగ్గరైంది. ఊళ్లు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి.

ఒక సైట్‌కూ ఇంకో సైట్‌కూ ఐదారు కిలోమీటర్ల తేడా కనిపిస్తే దానికీ కారణముంది. భూమిని నున్నటి బంతి అనుకుని లెక్కేస్తే హైదరాబాద్–ఢిల్లీ 1,266 కి.మీ. వస్తుంది. కానీ భూమి ధ్రువాల దగ్గర కాస్త నొక్కుకుని ఉంటుంది. భూమధ్యరేఖ దగ్గర వ్యాసార్ధం 6,378 కి.మీ., ధ్రువాల దగ్గర 6,357. ఆ తేడాను కూడా లెక్కలోకి తీసుకునే పద్ధతిని 1975లో విన్సెంటీ అనే ఆయన ప్రచురించాడు. దాని ప్రకారం 1,260. ప్రయాణికుడికి ఈ ఆరు కిలోమీటర్లతో పనేం లేదు గానీ, రెండు సైట్లు రెండు రకాలుగా చెబితే ఒకటి తప్పని తేల్చేయక్కర్లేదు. ఇక నాటికల్ మైలు అంటే 1.852 కి.మీ. అక్షాంశంలో ఒక డిగ్రీని అరవై భాగాలు చేస్తే వచ్చే ముక్క దాదాపు అంత పొడుగుంటుంది. అందుకే పైలట్లు, నావికులు దాన్ని వదల్లేదు.

మ్యాప్ చేసే మోసం

హైదరాబాద్–ఢిల్లీ లాంటి దగ్గరి రూట్లలో మ్యాప్ మీద స్కేలు పెట్టి గీత గీసినా పెద్ద తేడా రాదు. అమెరికా దారి పట్టాకే అసలు కథ. 2021 జనవరి 15న ఎయిరిండియా హైదరాబాద్ నుంచి షికాగోకు నాన్‌స్టాప్ మొదలుపెట్టింది. అది కొంతకాలం నడిచింది. ఆ రెండు ఊళ్ల మధ్య దూరం సుమారు 13,300 కి.మీ.

గోడ మీద వేలాడదీసే ప్రపంచ పటంలో ఈ రెంటినీ కలుపుతూ గీత గీస్తే అది అరేబియా, ఉత్తర ఆఫ్రికా, అట్లాంటిక్ మీదుగా పోతుంది. చూడ్డానికి అదే తిన్నని దారి. ఆ గీత వెంబడే నిజంగా ఎగిరితే 16,100 కి.మీ. అవుతుంది. అంటే 2,800 కి.మీ. దండగ. దగ్గరి దారి శంషాబాద్ నుంచి దాదాపు నేరుగా ఉత్తరానికి లేస్తుంది. మధ్య ఆసియా, రష్యా దాటి 79 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాకా పోయి, గ్రీన్‌లాండ్ ఉత్తర భాగం దాటి, కెనడా మీదుగా షికాగోలోకి దిగుతుంది. గ్లోబు మీద రెండు ఊళ్ల మధ్య దారం బిగించి పట్టుకుంటే అది కూర్చునే చోటు ఇదే. దీన్నే గ్రేట్ సర్కిల్ అంటారు. పిల్లల గ్లోబు ఇంట్లో ఉంటే నిమిషంలో తేలిపోతుంది. సీటు ముందు స్క్రీన్ మీద విమానం విల్లులా వంగిన దారిలో పోతున్నట్టు కనపడుతుంది కదా, ఆ వంపు మ్యాప్‌ది.

2021 జనవరిలోనే ఎయిరిండియా శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు తొలి నాన్‌స్టాప్‌ను ఉత్తర ధ్రువం మీదుగా నడిపింది. కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వంలో కెప్టెన్ పాపగారి తన్మయి సహా నలుగురు పైలట్లూ మహిళలే. ధ్రువం మీదుగా వెళ్లడం సాహసమే గానీ సర్కస్ కాదు. ఆ రెండు ఊళ్లకు దగ్గరి దారి అటువైపే ఉంది.

ఆకాశంలో కూడా గేట్లు ఉంటాయి

గ్రేట్ సర్కిల్ దూరం అంటే అంతకన్నా తక్కువలో చేరలేని దూరం. అంతే కిలోమీటర్లు తిరిగి చేరే విమానం అరుదు. విమానాలు నిర్ణీత బిందువుల మీదుగా, నిర్ణీత దారుల్లో పోతాయి. వైమానిక దళం శిక్షణకు కేటాయించిన ప్రాంతాలు అడ్డొస్తే చుట్టూ తిరగాలి. మన దేశ గగనతలంలో పౌర విమానాలకు స్వేచ్ఛగా దొరుకుతున్నది 60 శాతమేనని, ఆ ఆంక్షలు సడలిస్తే విమానయాన రంగానికి ఏటా సుమారు వెయ్యి కోట్ల రూపాయలు మిగులుతాయని 2020 మేలో ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ ప్రకటించారు. వెయ్యి కోట్లంటే అది ఎక్కువగా ఈ వంకర దారుల్లో కాలే ఇంధనం ఖరీదే.

ఎయిర్‌పోర్టు దగ్గరకొచ్చాక ఇంకో వంకర. శంషాబాద్ రన్‌వేలు తూర్పు పడమరలుగా ఉన్నాయి. ఢిల్లీలో నాలుగు రన్‌వేలున్నా అవీ ఇంచుమించు అలాగే. వెళ్లాల్సిందేమో ఉత్తరానికి. గాలికి ఎదురుగా లేవాలి, గాలికి ఎదురుగానే దిగాలి కాబట్టి ఇక్కడ లేచాక ఒక మలుపు, అక్కడ దిగే ముందు ఇంకో మలుపు తప్పవు. ఢిల్లీలో పడమటి గాలి వీస్తుంటే దక్షిణం నుంచి వచ్చిన విమానం తూర్పు వైపు చుట్టుకెళ్లి, అక్కడి నుంచి రన్‌వే మీదకు రావాలి. ముందు ఇంకో పది విమానాలు క్యూలో ఉంటే గాల్లోనే చక్కర్లు. ఇవేవీ 1,260లో లేవు.

అయితే దూరం అంకె ఎంత పనికిరాకుండా పోగలదో చూపించడానికి నాకు తెలిసినంతలో ఢిల్లీ–తాష్కెంట్‌ను మించిన ఉదాహరణ లేదు. ఈ రెంటి మధ్య దూరం సుమారు 1,580 కి.మీ. హైదరాబాద్–ఢిల్లీ కంటే మూడొందల పైచిలుకు ఎక్కువ, అంతే. 2025 ఏప్రిల్ 24న పాకిస్తాన్ తన గగనతలాన్ని మన విమానాలకు మూసేసింది. నాలుగు రోజులు తిరక్కుండానే ఇండిగో ఢిల్లీ నుంచి తాష్కెంట్‌కూ ఆల్మటీకీ ఫ్లైట్లు ఆపేసింది. చుట్టూ తిరిగి వెళ్లాల్సి రావడంతో ఆ ఊళ్లు తమ దగ్గరున్న విమానాలకు అందనంత దూరమయ్యాయని చెప్పింది. సైట్లలో తాష్కెంట్ దూరం ఒక్క కిలోమీటరు కూడా మారలేదు.

ఇదేం కొత్త కాదు. 2019 ఫిబ్రవరి చివర్లో మూసిన పాక్ గగనతలం జులై మధ్యలో గానీ తెరుచుకోలేదు. ఆ రోజుల్లో ఇండిగో ఢిల్లీ–ఇస్తాంబుల్ ఫ్లైట్ ఇంధనం కోసం దోహాలో ఆగి వెళ్లేది. 2022లో రష్యా ఆకాశం యూరప్ కంపెనీలకు మూసుకుపోయాక ఫిన్లాండ్ కంపెనీ ఫిన్‌ఎయిర్‌కు హెల్సింకి నుంచి టోక్యో తొమ్మిది గంటల దారి కాస్తా పదమూడు గంటలైంది. ఆసియాకు దగ్గరి దారి తమ ఊరి మీదుగానే ఉందన్నది ఆ కంపెనీకి ఏళ్ల తరబడి పెద్ద బలం. ఒక్క వారంలో అది కాగితం మీద మిగిలింది.

రాజకీయాలు లేకపోయినా కొండలు అడ్డొస్తాయి. హిమాలయాలు, టిబెట్ పీఠభూమి మీదుగా దగ్గరి దారి కనిపిస్తున్నా విమానాలు వీలైనంత వరకు తప్పుకుపోతాయి. క్యాబిన్‌లో గాలి పీడనం పడిపోతే విమానం వెంటనే పదివేల అడుగుల దాకా దిగాలి. కింద కొండలే పదిహేను వేల అడుగులుంటే ఎక్కడికి దిగుతుంది? మాస్కుల్లో వచ్చే ఆక్సిజన్ కొద్దిసేపటికే.

అసలు దొంగ గాలి

విమానం గంటకు 830 కి.మీ. వేగంతో పోతుందన్నది గాలితో పోల్చి చెప్పే మాట. ఆ గాలి తనే కదులుతుంటే నేల మీద లెక్క మారిపోతుంది. గోదావరిలో లాంచీ ఇంజను అదే చప్పుడుతో తిరుగుతున్నా రాజమండ్రి నుంచి పాపికొండలకు ఎదురెక్కడానికి పట్టేంత సేపు తిరుగు ప్రయాణానికి పట్టదు. విమానానికీ అంతే. గాలితో పోల్చిన వేగం ఎయిర్ స్పీడ్, నేలతో పోల్చినది గ్రౌండ్ స్పీడ్. మనల్ని ఊరు చేర్చేది రెండోది.

శీతాకాలంలో ఉత్తర భారతం మీద పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకు జెట్ స్ట్రీమ్ అనే బలమైన గాలి వీస్తుంటుంది. గంటకు 150, 200 కిలోమీటర్ల వేగం దానికి మామూలే. ఢిల్లీ–కోల్‌కతా మధ్య సుమారు 1,300 కి.మీ. దూరం. 150 కి.మీ. వేగంతో వీచే గాలి వీపున తోస్తే విమానం గంటకు 980 కి.మీ. వేగంతో పోయి గంటా ఇరవై నిమిషాల్లో అంత దూరం లాగేస్తుంది. తిరిగొచ్చేటప్పుడు అదే గాలి ఎదురై వేగం 680కి పడిపోతే గంటా యాభై ఐదు నిమిషాలు. వెళ్లేటప్పుడు కలిసొచ్చింది, వచ్చేటప్పుడు పోయింది, చెల్లుకు చెల్లు అనుకుంటాం. చెల్లు కాదు. గాలి లేకపోతే రానూపోనూ మూడు గంటల ఎనిమిది నిమిషాలు పట్టేది, గాలితో మూడు గంటల పదిహేను నిమిషాలవుతుంది. ఎందుకంటే ఎదురుగాలిలో నెమ్మదిగా పోతాం, నెమ్మదిగా పోతున్నాం కాబట్టే ఆ గాలిలో ఎక్కువసేపు ఇరుక్కుంటాం. రెండువైపులా ఒకేలా వీచే గాలి మొత్తం మీద ఎప్పుడూ నష్టమే.

హైదరాబాద్–ఢిల్లీ దారికి ఈ గాలి పక్క నుంచి తగులుతుంది. పక్కగాలికి విమానం కొట్టుకుపోకుండా ముక్కు కాస్త గాలి వైపు తిప్పి ఎగరాలి. దాంతో 830లో ఓ పద్నాలుగు కిలోమీటర్లు దానికే ఖర్చయిపోతాయి. దారి మొత్తం మీద తేడా నిమిషంన్నర. పట్టించుకోనక్కర్లేదు గానీ, మంచి పక్కగాలి అంటూ ఒకటి ఉండదని తెలుసుకోవచ్చు.

వానాకాలంలో దక్షిణాది మీద కథ తిరగబడుతుంది. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా మన ద్వీపకల్పం పైన, విమానాలు తిరిగే ఎత్తుకు ఇంకాస్త పైన, తూర్పు నుంచి పడమరకు ఒక జెట్ వీస్తుంది. ఈ తూర్పు జెట్ గురించి 1950ల్లో ప్రపంచానికి వివరించినవాడు మన తెలుగు శాస్త్రవేత్త పంచేటి కోటేశ్వరం. తర్వాత ఆయన భారత వాతావరణ శాఖకు అధిపతిగా కూడా చేశారు. రుతుపవనాల చదువులో ఆ పేరు రాకుండా ఉండదు. మన పాఠ్యపుస్తకాల్లో ఆ పేరు ఇంకాస్త పెద్ద అక్షరాల్లో ఉండాల్సిందని నా అభిప్రాయం.

గాలి కోసం విమానం కావాలని దూరం తిరిగిన సందర్భం కూడా ఉంది. ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గరి దారి 12,370 కి.మీ. చిల్లర. ఎయిరిండియా మొదట్లో అట్లాంటిక్ మీదుగా పోయేది. 2016 అక్టోబరులో పసిఫిక్ మీదుగా పంపి చూసింది. అటువైపు 15,300 కి.మీ., అంటే అట్లాంటిక్ దారి కంటే దాదాపు 1,400 కి.మీ. ఎక్కువ. అయినా పద్నాలుగున్నర గంటల్లో చేరింది, పాత దారి కంటే సుమారు రెండు గంటలు ముందు. గాలి వెనక నుంచి తోసింది మరి. తిరుగు ప్రయాణం అట్లాంటిక్ మీదుగానే, అదీ తూర్పు వైపే. రానూపోనూ కలిపితే భూమికి ఒక పూర్తి ప్రదక్షిణ. ఇంకో ముచ్చట. 2020 ఫిబ్రవరి 9 తెల్లవారుజామున తుపాను గాలిని వీపున పెట్టుకున్న బ్రిటిష్ ఎయిర్‌వేస్ బోయింగ్ 747 న్యూయార్క్ నుంచి లండన్‌కు 4 గంటల 56 నిమిషాల్లో చేరిపోయింది. ఒక దశలో గ్రౌండ్ స్పీడ్ గంటకు 1,327 కి.మీ. సముద్రమట్టం దగ్గర ధ్వని వేగం 1,225. అయినా అది ధ్వని వేగాన్ని దాటినట్టు కాదు, ఎందుకంటే చుట్టూ ఉన్న గాలితో పోలిస్తే దాని వేగం ఎప్పటిదే.

ఇక్కడ చాలామందికి వచ్చే డౌట్ ఒకటుంది. భూమి తూర్పుకు తిరుగుతోంది కదా, పడమటికి పోయే విమానానికి ఊరు తనే ఎదురు రావాలి కదా, మరి టైమ్ ఎక్కువెందుకు? శంషాబాద్‌లో ఆగి ఉన్న విమానం కూడా భూమితో పాటు గంటకు దాదాపు 1,600 కి.మీ. వేగంతో తూర్పుకు పోతూనే ఉంది. గాలి, మేఘాలు, కాకులు కూడా. నేల విడిచినంత మాత్రాన ఆ వేగం పోదు. కాబట్టి గాల్లో ఆగి ఊరు కిందికి వచ్చేదాకా ఎదురుచూడటం కుదరదు. భూభ్రమణానికి పాత్ర లేదని కాదు. జెట్ గాలులు అటు తిరగడానికి ఒక కారణం అదే. అది టైమ్‌ను మార్చేది ఆ గాలుల ద్వారానే.

నేల మీద పోయే ముప్పావు గంట

ఇప్పుడు మొదటి ప్రశ్నకొద్దాం. గంటన్నర ఎలా రెండుంబావైంది?

830 అనే వేగం పైన కుదురుకున్నాకే. పదివేల అడుగుల లోపు సాధారణంగా 250 నాట్లు, అంటే గంటకు 460 కి.మీ. మించకూడదు. 36 వేల అడుగులకు ఎక్కడానికి ఓ ఇరవై నిమిషాలు పడుతుంది. దిగడం ఊరికి దాదాపు 200 కి.మీ. ముందే, అంటే ఆగ్రా–గ్వాలియర్ ప్రాంతంలోనే మొదలైపోతుంది. ఎక్కడం, దిగడం, మలుపులు కలిపితే గాల్లో ఉండే టైమ్ గంటన్నర నుంచి గంటా నలభై ఐదో, యాభయ్యో అవుతుంది. పైలట్ మైకులో చెప్పేది ఇదే.

టికెట్ మీదున్నది వేరే లెక్క. విమానం గేటు దగ్గర నిలబడి ఉన్నప్పుడు కదలకుండా చక్రాలకు అడ్డు దిమ్మెలు పెడతారు, వాటిని చాక్స్ అంటారు. ఆ చాక్స్ తీసినప్పటి నుంచి అవతలి ఊళ్లో మళ్లీ పెట్టేదాకా అయ్యేది బ్లాక్ టైమ్. వెనక్కి నెట్టించుకోవడం, రన్‌వే దాకా మెల్లగా పాక్కుంటూ పోవడం, అక్కడ వరుసలో ఆగడం, దిగాక మళ్లీ గేటు వెతుక్కుంటూ పోవడం, అన్నీ అందులోవే. ఢిల్లీ అంత పెద్ద ఎయిర్‌పోర్టులో దూరపు రన్‌వే మీద దిగితే గేటు దాకా సాగే ఆ షికారుకే పావుగంట పోవచ్చు.

దాని పైన ఇంకొంచెం టైమ్ అదనంగా కలుపుతారు. షెడ్యూల్ టైమ్ కంటే 15 నిమిషాలకు మించి ఆలస్యం కాకపోతే ఫ్లైట్ టైమ్‌కు నడిచినట్టే లెక్క. ఢిల్లీ, ముంబై, బెంగళూరు, హైదరాబాద్ లాంటి పెద్ద ఎయిర్‌పోర్టుల్లో ఏ కంపెనీ ఎంత శాతం టైమ్‌కు నడిచిందో పౌర విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ నెలనెలా ప్రకటిస్తుంది. ఆ పట్టికలో పేరు పైన ఉండాలంటే సులువైన ఉపాయం, ముందే కాస్త ఎక్కువ టైమ్ రాసుకోవడం. "ఇరవై నిమిషాలు ముందే చేరుకున్నాం" అని అనౌన్స్‌మెంట్ వినపడినప్పుడు పైలట్ గాలిని జయించాడేమో అనుకుంటాం. చాలాసార్లు ఆ ఇరవై నిమిషాలు టికెట్ కొన్న రోజే మన ఖాతాలో వేసి ఉంచినవి. దీన్ని మోసం అనలేను. ఒక విమానం పొద్దున్నుంచి రాత్రి దాకా ఐదారు ఊళ్లు తిరుగుతుంది. పొద్దున ఢిల్లీ పొగమంచులో పోయిన అరగంట సాయంత్రం విశాఖలో ఎదురుచూసే వాళ్ల నెత్తిన పడకూడదంటే మధ్యలో ఎక్కడో కాస్త సడలింపు ఉండాలి. ఇంధనం ధర పెరిగితే కంపెనీలు కావాలనే వేగం కాస్త తగ్గించి నడుపుతాయి, అదీ ఇందులో కలుస్తుంది.

సైట్ల లెక్క వీటన్నిటికీ మధ్యలో పడుతుంది. వాటిలో చాలావరకు గంటకు 500 మైళ్లు, అంటే 805 కి.మీ. వేగం అనుకుని, ఎక్కిదిగడానికి అరగంట కలిపేస్తాయి. 1,260ని 805తో భాగిస్తే గంటా ముప్పై నాలుగు నిమిషాలు, అరగంట కలిపితే రెండు గంటల నాలుగు నిమిషాలు. గాలి లేదు, క్యూ లేదు, పాకిస్తాన్ లేదు. దేశంలోపల టికెట్ టైమ్‌కు దగ్గరగా రావాలంటే నా వాడకం ఇది: కిలోమీటర్లను 800తో భాగించి ముప్పావు గంట కలపండి. ఢిల్లీకి రెండు గంటల ఇరవై నిమిషాలు వస్తుంది. విశాఖకు దూరం 510 కి.మీ. చొప్పున గంటా ఇరవై చిల్లర. టికెట్‌కు ఐదు పది నిమిషాల తేడాలో ఉంటుంది.

ఈ సూత్రంలోనే ఇంకో సంగతి దాగి ఉంది. దూరం ఎంత తగ్గినా ఆ ముప్పావు గంట తగ్గదు. శంషాబాద్ నుంచి గన్నవరం 265 కి.మీ., టికెట్ మీద గంట అటూ ఇటూ. సగటున గంటకు 265 కిలోమీటర్లు, 830తో పోయే యంత్రానికి ఇది అవమానమే. పైకెక్కి సర్దుకునేలోపే దిగే టైమ్ అయిపోతుంది. ఇలాంటి చిన్న దారుల్లో పంకాలున్న ఏటీఆర్ 72, గంటకు 500 కి.మీ. వేగంతోనే, జెట్‌తో దాదాపు సమానంగా చేరుతుంది, ఇంధనం మాత్రం బాగా తక్కువ తాగుతుంది.

ఇంట్లోంచి ఇంటికి లెక్కేస్తే ఇంకా విచిత్రం. హయత్‌నగర్‌లో ఉండే ఆయన విజయవాడ వెళ్లాలంటే ముందు శంషాబాద్ దాకా గంట, ఫ్లైట్‌కు గంటన్నర ముందు చేరాలి, ఫ్లైట్ గంట, బ్యాగు కోసం పావుగంట, గన్నవరం నుంచి ఊళ్లోకి అరగంట పైన. నాలుగుంబావు గంటలు దాటింది. ఇల్లేమో విజయవాడ హైవే మీదే ఉంది. కారులో బయల్దేరితే ఐదు గంటల లోపే, మధ్యలో టీ తాగి మరీ చేరతాడు. అదే ఢిల్లీకైతే పోలికే లేదు. రైలు దారి 1,650 కి.మీ. దాటుతుంది, ఒక పగలూ రాత్రీ అందులోనే పోతాయి.

గడియారాలు రెండు

విదేశీ ప్రయాణాల్లో ఇంకో తికమక టికెట్ రాసే పద్ధతి వల్ల వస్తుంది. బయల్దేరే టైమ్ ఇక్కడి గడియారం ప్రకారం, చేరే టైమ్ అక్కడి గడియారం ప్రకారం రాస్తారు. హైదరాబాద్–దుబాయ్ సుమారు 2,550 కి.మీ. పొద్దున 10 గంటలకు బయల్దేరి 12.15కు చేరుతుందని టికెట్ మీద ఉందనుకోండి. రెండుంబావు గంటలే కదా, ఢిల్లీ అంతే దూరమన్నమాట అనిపిస్తుంది. దుబాయ్ గడియారం మనకంటే గంటన్నర వెనక. అంటే ప్రయాణం మూడు ముప్పావు గంటలు. తిరుగు ప్రయాణంలో 10కి బయల్దేరి మధ్యాహ్నం 2.45కు చేరితే అది నాలుగు ముప్పావు గంటలు కాదు, మూడుంబావు. గడియారాల తేడా తీసేశాక మిగిలే ఆ అరగంట పడమటి గాలి వాటా.

గల్ఫ్ దేశాలు ఏడాది పొడవునా ఒకే టైమ్ పాటిస్తాయి కాబట్టి అక్కడి లెక్క ఒకసారి నేర్చుకుంటే చాలు. అమెరికాతో అలా కుదరదు. అక్కడ మార్చి రెండో ఆదివారం గడియారాలు గంట ముందుకు తిప్పుతారు, నవంబర్ మొదటి ఆదివారం వెనక్కి తిప్పుతారు. షికాగోకూ మనకూ తేడా చలికాలంలో పదకొండున్నర గంటలు, ఎండాకాలంలో పదిన్నర. మార్చి మొదటి వారంలో అబ్బాయి ఫోన్లో చెప్పిన టైమ్ పట్టుకుని నెలాఖరున బయల్దేరిన అమ్మానాన్నలకు చేరే టైమ్ గంట ఆలస్యంగా కనిపిస్తుంది. ఫ్లైట్ మారలేదు, ఆగే చోట్లూ మారలేదు. అయితే కనెక్షన్ ఉన్నవాళ్లు మాత్రం ఆ వారాల్లో టికెట్ మళ్లీ ఒకసారి తెరిచి చూసుకోవడం మంచిది. మధ్యలో ఆగే ఊరు యూరప్‌ది అయితే అక్కడ గడియారం తిప్పేది మార్చి ఆఖరి ఆదివారం. ఆ రెండు మూడు వారాలు మూడు ఊళ్ల మధ్య తేడాలు మామూలుగా ఉండే తేడాలు కావు.